23 కిలోల కథ

మా ఊరి శివార్లలో సిమెంటు పైపులు పోసే చిన్న కార్ఖానా ఒకటి ఉంది. ఒక మధ్యాహ్నం అటు వెళ్లేసరికి గేటు దగ్గర లారీ ఆగి ఉంది. వెనక తలుపు దించారు. లారీ మీద ఇద్దరు కుర్రాళ్లు చెరో కొస పట్టుకుని బస్తాను అంచుదాకా జరుపుతున్నారు. కింద హమాలీ వీపు తిప్పి, కాస్త వంగి, తలకు చుట్టిన తువ్వాలు సర్దుకుని నిలబడతాడు. బస్తా వచ్చి మెడకీ భుజాలకీ మధ్య కుదురుగా కూర్చుంటుంది. ఆయన పరుగులాంటి నడకతో, చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ గోదాములోకి వెళ్లి దాన్ని జారవిడిచి తిరిగొస్తాడు. బస్తా 50 కిలోలు. లారీలో 300 బస్తాలు. పొద్దు గూకేలోగా నలుగురైదుగురు హమాలీల వీపుల మీదుగా 15 టన్నులు లోపలికి చేరాలి.

టీ తాగడానికి ఆగినప్పుడు వాళ్లలో పెద్దాయన్ని అడిగాను. “నడుం నొప్పి రాదా బాబాయ్?”

ఆయన నవ్వాడు. “రాకుండా ఎట్టా ఉంటది బాబూ? ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది నువ్వే.”

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. మనిషి ఎంత బరువు ఎత్తితే నడుము నిలుస్తుంది? చిన్న ప్రశ్నే. జవాబు దొరకడానికి మాత్రం మూడు వందల ఏళ్లు పట్టింది. ఆ మూడు వందల ఏళ్లలో కథ ఎక్కడ ముందుకు కదిలిందా అని వెతికితే, చాలాచోట్ల ఎవరో ఒకరు బరువు మోసేవాడి దగ్గర ఆగి ఓ ప్రశ్న అడగడం కనిపిస్తుంది.

అలా అడిగినవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు ఇటలీలోని మోడెనా నగరపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. 1633లో కార్పి అనే ఊళ్లో పుట్టాడు. ఒకనాడు తన ఇంట్లోనే మరుగు గుంట శుభ్రం చేస్తున్న మనిషిని చూశాడు. అతను ఎవరో తరుముతున్నట్టు హడావిడిగా పని చేస్తున్నాడు. ఎందుకంత తొందర అని డాక్టరు అడిగాడు. ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయండీ అన్నాడతను. ఆ జవాబు రామజ్జీని బతుకునే మలుపు తిప్పింది. ఆ తరువాత కుమ్మరి చక్రాల దగ్గరా, అద్దాల బట్టీల దగ్గరా, పడవల రేవుల్లోనూ తిరిగాడు. రోగిని చూడబోయిన వైద్యుడు ముక్కాలిపీట మీదైనా సరే కాసేపు కూర్చోవాలనీ, పాతకాలం నుంచీ అడుగుతున్న ప్రశ్నలకు ‘నువ్వేం పని చేస్తావు?’ అన్నది కూడా చేర్చాలనీ చెప్పాడు. 1700లో ఆయన అచ్చువేయించిన పుస్తకంలో నలభైకి పైగా వృత్తుల జబ్బులున్నాయి. మూటలు మోసేవాళ్లకూ అందులో ఒక అధ్యాయం దక్కింది. బరువెత్తేటప్పుడు వాళ్లు ఊపిరి బిగబట్టడం, హెర్నియా దిగడం, వంగి వంగి నడిచిన వెన్ను చివరికి వంగినట్టే బిగుసుకుపోవడం ఆయన రాసిపెట్టాడు. జబ్బు ఉందని తేలింది. అది వెన్నులో ఏ మూల పుడుతోందో చెప్పే దారి మాత్రం ఆనాటికి లేదు.

ఆ తరువాత రెండు వందల ఏళ్లలో ఆవిరి యంత్రం వచ్చింది, ఉక్కు బట్టీలు వచ్చాయి. మూటలు మాత్రం మనిషి వీపు మీదే ఉండిపోయాయి. 1899లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, బెత్లెహేం ఉక్కు కర్మాగారపు పెరట్లో, ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు స్టాప్ వాచీతో కూలీల పనిని కొలిపించాడు. అక్కడ పోత ఇనుప దిమ్మల గుట్టలున్నాయి. దిమ్మ ఒక్కొక్కటి 92 పౌన్లు, అంటే దాదాపు 42 కిలోలు. ఒక్కో మనిషి రోజుకు పన్నెండున్నర టన్నుల దిమ్మల్ని రైలు వ్యాగన్‌లోకి మోస్తున్నాడు. ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కన నిలబడి చెబుతూ పోతే అదే మనిషి 47 టన్నులకు పైగా మోస్తాడని టేలర్ ప్రకటించాడు. లెక్క వేస్తే రోజుకు పదకొండు వందలకు పైగా దిమ్మలు! అందుకు కూలి డాలరూ 15 సెంట్ల నుంచి డాలరూ 85 సెంట్లకు పెరిగింది.

టేలర్ లెక్కల్లో ఒక మంచి మాట లేకపోలేదు. అంత బరువు మోసేవాడి చేతులు రోజులో సగానికి పైగా ఖాళీగా ఉండాలని, విశ్రాంతి కూడా పనిలో భాగమేనని ఆయన గట్టిగా చెప్పాడు. అయితే ఆ వేగాన్ని తట్టుకోగలిగినవాడు ఎనిమిది మందిలో ఒక్కడేనని కూడా ఆయనే రాశాడు. మిగిలిన ఏడుగురు పనికిరాని వాళ్లయ్యారు. ఆ ఎనిమిదోవాడి నడుము పదేళ్ల తరువాత ఎలా ఉంటుందో స్టాప్ వాచీ చెప్పదు. అలా ఒక నమ్మకం స్థిరపడింది: బరువు మారదు, దానికి తగ్గ మనిషిని ఏరుకోవడమే మన పని. తరువాతి డెబ్బై ఎనభై ఏళ్లు పరిశ్రమలు ఈ దారిలోనే నడిచాయి.

ఈలోగా నొప్పి చిరునామా వెతుకుతున్నవాళ్లు వేరే ఉన్నారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో గియోర్గ్ ష్మోర్ల్ అనే వైద్యుడు చనిపోయినవాళ్ల వెన్నెముకలను వేల సంఖ్యలో కోసి చూశాడు. పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి బిళ్ల, మనం డిస్క్ అంటున్నది, చాలామందిలో చీలి, అణిగి, పక్కకు ఉబ్బి ఉండటం గమనించాడు. అయితే చనిపోయినవాళ్లు నొప్పి చెప్పలేరు కదా.

బ్రతికున్నవాడి నొప్పికీ ఆ బిళ్లకీ ముడి వేసినవాళ్లు అమెరికాలోని బోస్టన్ నగరపు సర్జన్లు విలియం మిక్స్‌టర్, జోసెఫ్ బార్. ఆ రోజుల్లో నడుము నుంచి కాలిలోకి పాకే తీవ్రమైన నొప్పితో వచ్చినవాళ్లకు ఎప్పుడైనా ఆపరేషన్ చేస్తే, నరాన్ని నొక్కుతూ తెల్లటి ముక్క ఒకటి కనిపించేది. అదొక రకం కణితి అని పేరు పెట్టి సీసాలో దాచేవాళ్లు. 1932లో అలాంటి ముక్క ఒకటి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఇది కొత్తగా పెరిగినది కాదు, ఉన్నచోటి నుంచి జారిపడ్డది! ఆసుపత్రి అరల్లో ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుంటున్న పాత సీసాలను దించి మళ్లీ పరీక్షించారు. కణితులని చీటీ అంటించిన వాటిలో ఎక్కువ భాగం చీలిపోయిన డిస్క్ ముక్కలే. జవాబు అంతకాలమూ వాళ్ల చేతికందే దూరంలో, తప్పు పేరు కింద కూర్చుని ఉంది. 1934లో వాళ్లు ఆ సంగతి ప్రకటించారు. ‘డిస్క్ జారింది’ అని ఈరోజు మన ఇళ్లలో అనుకునే మాటకు పునాది అదే.

సరే, చిరునామా దొరికింది. ఒక బస్తా ఎత్తినప్పుడు ఆ బిళ్ల మీద ఎంత భారం పడుతుందో చూడాలంటే? బ్రతికున్న మనిషి వెన్నులోకి తొంగి చూసేదెవరు?

ఆ సాహసం స్వీడన్‌లో జరిగింది. గోతెన్‌బర్గ్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ మొదట శవాల డిస్కులతో మొదలుపెట్టాడు. ద్రవం నింపిన సన్నటి సూది తయారుచేసి, దాని కొసను డిస్క్ మధ్యలోని జిగురు గుజ్జులోకి దింపి, ఒత్తిడి ఎంతో కొలిచాడు. 1960 నాటికి పద్ధతి కుదిరింది. ఆ తరువాత ఒప్పుకుని ముందుకొచ్చిన మనుషుల నడుముల్లోకి అదే సూది దింపాడు. వెన్నులో సూదితోనే వాళ్లు పడుకున్నారు, నిలబడ్డారు, వంగారు, బరువులెత్తారు. నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే వెల్లకిలా పడుకున్నప్పుడు అది 25కు దిగింది. 20 కిలోలు పట్టుకుని ముందుకు వంగితే 220కి ఎగబాకింది.

ఇరవై కిలోలకే ఇంతెందుకు? మన పాత ఏతాం గుర్తు తెచ్చుకుంటే అర్థమవుతుంది. ఏతాంలో బాన వేలాడే వైపు దూలం పొడుగు, రాయి కట్టిన వైపు పొట్టి. అందుకే చిన్న బానను లేపడానికి పెద్ద బండరాయి కావాలి. నడుమూ అంతే. చేతుల్లో బరువు వెన్నుపూసకు ముందు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని వెనక నుంచి లాగి పట్టే కండరాలు పూసకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. దూరం ఎనిమిదో వంతు కనుక లాగే బలం ఎనిమిది రెట్లు ఉండాలి. 20 కిలోల పెట్టె కోసం కండరాలు 160 కిలోల లాగుడు లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. ఈ మొత్తం మధ్యలో ఉన్న ఆ చిన్న బిళ్ల మీద పడుతుంది. చుట్టకుదురు మీద బిందె పెట్టుకుని నిటారుగా నడిచే మన అమ్మలక్కలకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. కానీ బరువును వెన్నుకు సరిగ్గా పైన నిలబెట్టి ఆ పొడుగు దూలాన్ని వాళ్లు ఎప్పుడో తీసేశారు.

డిస్క్ చేసే మోసం ఇంకొకటుంది. దాని లోపలి భాగంలో నొప్పి తెలిపే నరాలు లేవు. అక్కడ అరుగుదల మొదలైనా మనిషికి తెలియదు. వేల బస్తాలు ఎత్తాక, ఏదో ఒక పొద్దున కింద పడ్డ చెప్పు తీయబోయి ‘పట్టేసింది’ అంటాడు. నింద చెప్పు మీద పడుతుంది.

శరీరం లోపలి లెక్క అలా తేలుతుండగా కార్ఖానాలు మాత్రం పాత బాటలోనే ఉన్నాయి. ఉద్యోగంలోకి తీసుకునే ముందు నడుముకు ఎక్స్‌రే తీసి ‘గట్టి వెన్ను’ ఉన్నవాళ్లను ఏరేవారు. గోడల మీద బొమ్మలు అంటించేవారు: నడుము వంచవద్దు, మోకాళ్లు వంచి ఎత్తు. దెబ్బ తగిలితే, చెప్పినట్టు ఎత్తలేదని కార్మికుడినే తప్పుపట్టేవారు. ఇదంతా పనిచేస్తోందా అని కొలిచినవాడు లేడు.

కొలవవలసిన అవసరం ఒక బీమా కంపెనీకి కలిగింది. నడుము దెబ్బలకు పరిహారం చెల్లించి చెల్లించి విసిగిన లిబర్టీ మ్యూచువల్ సంస్థకు మసాచుసెట్స్‌లోని హాప్‌కింటన్‌లో ఒక పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ పనిచేసే స్టోవర్ స్నూక్ 1960లలో ఒక చిత్రమైన ప్రయోగం మొదలుపెట్టాడు. నిజమైన కార్ఖానా కార్మికులను పిలిచి ఒక పెట్టె ఇచ్చాడు. పెట్టెకు దొంగ అడుగు ఉంది, కాబట్టి లోపల అసలెంత బరువుందో కంటికి తెలియదు. పక్కనే చిన్న లోహపు గుళ్లు పెట్టాడు. పెట్టెను అరమీదికి ఎత్తుతూ ఉండండి, బరువనిపిస్తే గుళ్లు తీసేయండి, తేలికనిపిస్తే వేసుకోండి అన్నాడు. లెక్కకు ఇంత అని కూలి వచ్చే పని చేస్తున్నట్టే చేయాలి, కానీ ఒళ్లు హూనం కాకూడదు, ఆయాసం రాకూడదు. గుళ్లు తీస్తూ, వేస్తూ, చివరికి ఒక్కొక్కరూ ఒక బరువు దగ్గర స్థిరపడేవారు. ఇన్ని పరికరాల మధ్య స్నూక్ వాడిన కొలబద్ద మోసేవాడి సొంత ఒళ్లే. ఏళ్ల తరబడి మగవాళ్లతోనూ ఆడవాళ్లతోనూ, ఎత్తులు మార్చి, వేగాలు మార్చి, ఆ జవాబులన్నీ పట్టికలుగా పేర్చాడు.

ఆ పట్టికలు చేతిలో పెట్టుకుని స్నూక్ బృందం అసలు నడుము దెబ్బల కేసులు తిరగేసింది. 1978లో వచ్చిన ఫలితం చాలామందికి మింగుడు పడలేదు. ఎక్స్‌రే తీసి మనుషుల్ని ఏరిన కంపెనీల్లోనూ, ఏరని కంపెనీల్లోనూ దెబ్బలు ఒకటే. ఎత్తడంలో శిక్షణ ఇచ్చినచోటా ఇవ్వనిచోటా ఒకటే. తేడా కనిపించింది ఒక్క విషయంలోనే: పని ఎలాంటిది? మొత్తం పనుల్లో నాలుగో వంతు మాత్రమే మితిమీరిన బరువు పనులు, అంటే నలుగురు కార్మికుల్లో ముగ్గురు కూడా ‘ఇది నాకు సరే’ అనలేనివి. కానీ నడుము దెబ్బల్లో సగం ఆ పనుల్లోంచే వచ్చాయి. పనిని సరిదిద్దితే దెబ్బల్లో మూడో వంతు దాకా తగ్గించవచ్చని స్నూక్ లెక్క కట్టాడు. టేలర్ నాటి నమ్మకం తలకిందులైంది.

అదే రోజుల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాన్ చాఫిన్ అనే ఇంజనీరు కంప్యూటరులో మనిషి బొమ్మ గీసి, ఏ భంగిమలో నడుము కింది డిస్క్ మీద ఎంత భారం పడుతుందో గణిస్తున్నాడు. కార్మికులను ఏడాదిపాటు గమనించి, భారీ బరువులెత్తే పనుల్లో నడుము నొప్పి కూర్చుని చేసే పనులకన్నా దాదాపు 8 రెట్లు ఎక్కువని 1973లో తేల్చాడు. వైద్యుడి సూది, ఇంజనీరు బొమ్మ, కార్మికుడి పెట్టె, మూడు దారులూ ఒకచోటికి వస్తున్నాయి.

అవి కలిసిన చోటు అమెరికా ప్రభుత్వపు వృత్తి భద్రత పరిశోధన సంస్థ, నియోష్. 1981లో ఆ సంస్థ మొదటి సూత్రం వెలువరించింది. అన్నీ అనుకూలంగా ఉంటే 40 కిలోల దగ్గర మొదలుపెట్టి, పరిస్థితి బాగాలేని కొద్దీ కోత వేసుకుంటూ రావాలి. పదేళ్లకు, 1991లో, నిపుణులు మళ్లీ కూర్చుని దాన్ని 23 కిలోలకు దించారు. దాదాపు సగం తగ్గించేశారని పైకి అనిపిస్తుంది. అసలు కిటుకు వేరు. పాత సూత్రం బరువు పట్టుకున్న చేతులు చీలమండలకు 15 సెంటీమీటర్లు ముందు ఉన్నాయనుకుంది. పొట్ట ఉన్న మనిషికి అది సాధ్యమా? చేతులకీ చీలమండలకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండక తప్పదు. పాత లెక్కలోనే 25 పెట్టి చూస్తే 40 కిలోలు 24 అవుతాయి. అంటే నిజంగా తగ్గింది ఒక్క కిలో. మిగిలినదంతా కాగితం మీది మనిషికి పొట్ట అతికించడమే!

ఈ 23 కూడా అన్నీ కుదిరినప్పటి మాట: బరువు ఒంటికి దగ్గరగా, పిడికిలి ఎత్తులో, మెలి తిరగకుండా, పట్టుకోను పిడితో, ఎప్పుడో ఒకసారి. నేల మీద పడుకోబెట్టిన సిమెంటు బస్తాతో చూద్దాం. నేల మీద ఉంది కనుక కోత. 40 సెంటీమీటర్ల ముందుంది కనుక కోత. నడుము ఎత్తుదాకా లేపాలి కనుక కోత. పట్టుకోను పిడి లేదు కనుక మరో కోత. చివరికి మిగిలేది సుమారు 9 కిలోలు. నిమిషానికి ఐదారుసార్లు ఎత్తమంటే ఇంకా తక్కువ. బస్తా మాత్రం 50 కిలోలు.

సూత్రం వచ్చినా పాత నమ్మకాలు అంత తేలిగ్గా చావలేదు. 1997లో దాదాపు 4 వేల మంది అమెరికా తపాలా ఉద్యోగులపై ఐదేళ్లకు పైగా సాగిన ప్రయోగం వెలువడింది. సరిగ్గా ఎత్తడమెలాగో నేర్పినా దెబ్బలు తగ్గలేదు. నడుముకు బిగించే వెడల్పాటి బెల్టుల సంగతీ అంతే. 160 దుకాణాల్లో 9 వేలకు పైగా ఉద్యోగులను పరిశీలించి, వాటివల్ల లాభం కనిపించలేదని 2000లో తేల్చారు.

మరి మోకాళ్లు వంచమన్న సలహా ఉత్తిదేనా? 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరం నుంచి జవాబు వచ్చింది. 45 ఏళ్ల ఎముకల డాక్టరే ఒకరు తన నడుములోకి ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్న కొలత పరికరం పెట్టించుకుని, దానితోనే నవ్వి, మెట్లెక్కి, రాత్రి నిద్రపోయాడు. 20 కిలోల సీసాల పెట్టెను నడుము వంచి ఎత్తినప్పుడు ఆయన డిస్క్‌లో ఒత్తిడి కారు టైరులో గాలికి పది రెట్లయింది. మోకాళ్లు వంచి ఎత్తితే అందులో పావు వంతు తగ్గింది. పెట్టెను ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడు సగానికి దిగింది. నిలబడినప్పటికన్నా కూర్చున్నప్పుడు భారం ఎక్కువన్న నాకెమ్‌సన్ మాట మాత్రం ఇక్కడ నిలవలేదు. జ్ఞానం ఒక చోట గెలుస్తూ ఇంకో చోట తనను తాను దిద్దుకుంటూ నడుస్తుంది. సలహా మంచిదే. కానీ మోకాళ్ల మధ్య ఇమడని బస్తాను, రోజుకు వందసార్లు, తొడలు పీక్కుపోతున్నా మోకాళ్లు వంచే ఎత్తమంటే ఏ మనిషీ చేయలేడు.

అందుకే తెలివైన కార్ఖానాలు నేలనే పైకి లేపాయి. సరుకు తగ్గేకొద్దీ పైకి వచ్చే బల్లలు, గాలి పీల్చి బస్తాను అంటిపెట్టుకునే గొట్టాలు, చెయిన్ పుల్లీలు, దొర్లే రోలర్లు వచ్చాయి. బ్రిటన్‌లో సిమెంటు బస్తా 25 కిలోలకు దిగింది. గాయం చేసేంత బరువు ఎవరిచేతా మోయించరాదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ కూడా చెప్పింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మగవాడి మోతకు 55 కిలోలు హద్దుగా సూచించింది. మన 50 కిలోల బస్తా ఆ హద్దు లోపలే, సూత్రానికి మాత్రం ఎంతో దూరంలో ఉంది.

ఇదంతా చదివాక మొన్న మళ్లీ ఆ పైపుల కార్ఖానా వైపు వెళ్లాను. పెద్దాయన గేటు పక్కన అరుగు మీద కూర్చుని తువ్వాలు దులుపుకుంటున్నాడు. స్నూక్ ప్రశ్న నా నోట తెలుగులో వచ్చింది. “బాబాయ్, బస్తా బరువు నీ ఇష్టమే అనుకో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోయాలి, రేపూ రావాలి. ఎంత పెట్టమంటావు?”

ఆయన కాసేపు లారీ వైపు చూశాడు. అరచేతిని గాల్లో పైకీ కిందికీ ఆడించి ఏదో తూచాడు.

“ఇందులో సగం బాబూ,” అన్నాడు.